ఉప్పుగాలి ఊళ్లలో తుపాకి ఇనప్పెట్టె: తేమనీ వేడినీ అదుపులో పెట్టే పద్ధతి

శ్రీకాకుళం జిల్లాలో లైసెన్సు తుపాకి అనగానే గుర్తొచ్చేది మిలటరీలో రిటైరై వచ్చి బ్యాంకు దగ్గరో, క్యాష్ వ్యాన్ మీదో డ్యూటీ చేస్తున్న మాజీ సైనికుడు. చేతిలో పన్నెండు బోరు తుపాకి, ఇంట్లో దానికో ఇనప్పెట్టె. పెట్టె కొనేటప్పుడు తాళం గురించి పది మందిని అడుగుతారు. తేమ గురించి ఎవరూ అడగరు. ఎవరైనా ఆ మాటెత్తినా వచ్చే జవాబు ఒక్కటే: "ఏటవుతాది బావూ, నూనె రాసీసినాం కదా!"

నూనె అవసరమే గానీ మన తీరంలో అది సగం పనే చేస్తుంది. సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, కళింగపట్నం లాంటి చోట్ల గాలిలో తేమతో పాటు ఉప్పూ ఉంటుంది. పైగా నాలుగు వైపులా మూసేసిన ఇనప్పెట్టె ఒకసారి లోపలికొచ్చిన చెమ్మని బయటికి పోనివ్వదు. బయట స్టాండు మీద పెట్టిన తుపాకి కంటే పెట్టెలో దాచిందే ముందు తుప్పు పట్టడానికి కారణం ఇదే.

ఏ పని మొదలుపెట్టే ముందైనా తుపాకి ఖాళీగా ఉందో లేదో బ్యారెల్ (గొట్టం) మడిచి, తూటా పెట్టే చోటుని కళ్లతో చూడండి. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో ఉండాలి. పెట్టె తెరిచి పని చేసేది లైసెన్సు ఉన్న మనిషే అయి ఉండాలి. వడ్రంగినో ఎలక్ట్రీషియన్‌నో పిలిచే పని ఉంటే తుపాకి తీసి తాళంలో పెట్టాకే పిలవండి.

అసలు తేమ ఎక్కడుంది?

దీనికి ముందు కాస్త లెక్క చూడాలి. ఇది అర్థమైతే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తేలిపోతుంది.

నాలుగున్నర అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న పెట్టెలో పట్టే గాలి సుమారు 290 లీటర్లు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ (అంటే ఆ వేడిలో గాలి పట్టుకోగల నీటిలో 80 శాతం) ఉన్న రోజున ఆ గాలి మొత్తంలో ఉండే నీరు 7 గ్రాములు. దాన్ని 50 శాతానికి దించాలంటే తీయాల్సింది 3 గ్రాముల లోపే, అంటే అర చెంచా నీరు.

మరి చెమ్మ పీల్చడానికి పెట్టెలో పెట్టే సిలికా జెల్ గుళికల సంచులు అంత తొందరగా ఎందుకు నిండిపోతాయి? ఒక కారణం, తలుపు సందుల్లోంచి కొత్త గాలి అదే పనిగా లోపలికి వస్తూ ఉండటం. రెండో కారణం చెక్క. 80 శాతం తేమలో ఉన్న కర్ర తన బరువులో ఇంచుమించు 16 శాతం నీటిని పట్టుకుని ఉంటుంది. 50 శాతానికి వచ్చేసరికి అది 9 శాతం దగ్గర ఆగుతుంది. అంటే కిలో బరువున్న బట్ (తుపాకి వెనక ఉండే కర్ర భాగం) నుంచి 60, 70 గ్రాముల నీరు నెమ్మదిగా బయటికొస్తుంది. లోపల అతికించిన ఫెల్టు గుడ్డ, అట్టపెట్టెలు, దస్తావేజుల కట్టలు కూడా ఇదే పని చేస్తాయి. కాబట్టి పెట్టెలో తేమ అంటే సందులు, చెక్క, గుడ్డ. గాలి వాటా చాలా తక్కువ.

ఎంత తేమ, ఎంత వేడి ఉండాలి?

తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. 60 దాటిందంటే ఇనుము వేగంగా తుప్పు పట్టడం మొదలవుతుంది, కర్ర మీద, తోలు మీద బూజు కూడా వస్తుంది. 40 కంటే దించడం కూడా మంచిది కాదు, బట్ ఎండి కుంచించుకుపోతుంది, ఇనుము కలిసే చోట సన్నని పగుళ్లు వస్తాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు పనస చెక్కని ఎంత ఓపికగా ఆరనిస్తారో తుపాకి కర్రకీ అంతే ఓపిక కావాలి. ఒక్కసారిగా ఎండబెడితే ఏ చెక్కయినా మెలితిరుగుతుంది.

వేడి విషయంలో అమెరికా వాళ్లు చెప్పే 21 డిగ్రీల లెక్క మనకి పనికిరాదు. పనికిరాకపోవడమే కాదు, నష్టం కూడా. వానాకాలంలో మన తీరంలో 32 డిగ్రీలు, 75 శాతం తేమ మామూలే. ఆ గాలి 27 డిగ్రీల చల్లని వస్తువుని తాకితే చాలు, దాని మీద నీళ్లు దిగుతాయి. ఫోన్లో వాతావరణం యాప్ డ్యూ పాయింట్ అని చూపించే అంకె ఇదే. 21 డిగ్రీల్లో ఉంచిన తుపాకిని అలాంటి గాలిలోకి తీస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమర్చిపోతుంది. కాబట్టి వేడిని తగ్గించాలని చూడకండి. పగలు, రాత్రి మధ్య తేడాని తగ్గించండి. నా అంచనాలో పెట్టె లోపల ఆ తేడా 5 డిగ్రీల లోపు ఉంటే చాలు, లోపల 29 ఉన్నా 31 ఉన్నా ఇబ్బంది లేదు.

మొదటి పని: మీటరు

కొలవకుండా ఏదీ కొనకండి. వేడినీ తేమనీ రెంటినీ చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఎక్కువ, తక్కువ అంకెల్ని గుర్తుపెట్టుకునే రకం తీసుకోండి. పెట్టె తెరిచిన నిమిషంలోనే అంకె మారిపోతుంది కాబట్టి, తలుపు మూసి ఉన్నప్పుడు ఎంత ఉందో తెలియాలంటే ఆ గుర్తు ఉండాలి. బ్లూటూత్ రకం కూడా బాగుంటుంది గానీ ఇనప గోడల్లోంచి సిగ్నల్ సరిగ్గా రాకపోవచ్చు.

చవక మీటర్లు 3 నుంచి 5 శాతం అటూ ఇటూ చూపిస్తాయి. దాన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకు చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపండి, కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటరునీ గాలి దూరని జిప్ కవరులో పెట్టి రాత్రంతా వదిలేయండి. ఉప్పు తాకి మీటరు పాడవకుండా చూసుకోండి. పొద్దున 75 చూపించాలి. 79 చూపిస్తే మీ మీటరు నాలుగు ఎక్కువ చెబుతోందన్నమాట, ఆ నాలుగూ ఎప్పుడూ తీసేసి లెక్క వేసుకోండి.

తర్వాత మీటరుని పెట్టెలో మధ్య ఎత్తులో పెట్టి వారం రోజులు ఏమీ చేయకుండా చూడండి. తేమ ఎప్పుడూ ఒకేలా 70, 75 దగ్గర ఉంటే సందులూ చెక్కా కారణం. పగలు ఒకటి, రాత్రి ఒకటి చూపిస్తూ ఊగుతుంటే పెట్టె ఉన్న చోటు సరిగ్గా లేదు.

పెట్టె ఎక్కడ పెట్టాలి?

మన ఇళ్లలో బీరువా అంటే నైరుతి మూలే. వాస్తు మాట నేను కాదనను గానీ, ఆ మూలకి దక్షిణం గోడా, పడమటి గోడా రెండూ బయటివే. మధ్యాహ్నం మూడు గంటలకి అవి కాగి, అర్ధరాత్రి దాటాక చల్లబడతాయి. పెట్టె వీపుని గోడకి ఆనిస్తే లోపలి ఇనుము కూడా రోజూ అలాగే కాగి చల్లారుతుంది. గదిని మార్చక్కర్లేదు, గోడకి నాలుగంగుళాల ఎడం ఇవ్వండి, చాలా తేడా వస్తుంది. భద్రత కోసం పెట్టెని గోడకి బోల్టులు వేయాల్సి వస్తే మధ్యలో దిమ్మెలు పెట్టి బిగించండి.

నేలకి కూడా ఆనకూడదు. పాత పెంకుటిళ్లలో, పునాది తక్కువున్న డాబాల్లో వానాకాలం గచ్చు చెమరుస్తుంది. మందపాటి రబ్బరు దిమ్మెల మీద మూడు అంగుళాలు లేపండి. బాత్‌రూము గోడ, వంటింటి గోడ పక్కన వద్దు.

ఏసీ గది మంచిదేనా అని చాలామంది అడుగుతారు. ఏసీ రోజంతా నడిస్తే మంచిదే. రాత్రి మాత్రం వేసి, పొద్దున్నే కట్టేసి కిటికీలు తెరిచే గదయితే మాత్రం అదే అన్నిటికంటే చెడ్డ చోటు. రాత్రి 24 డిగ్రీలకి చల్లబడిన ఇనుము మీద పొద్దుటి తేమగాలి నేరుగా నీళ్లు దించుతుంది. వేరే గది లేకపోతే ఏసీ ఆపిన రెండు గంటల వరకు పెట్టె తెరవకండి.

సందులు మూయడం

రాత్రి లైట్లు ఆపి, పెట్టెలో టార్చి వెలిగించి తలుపు వేయండి. వెలుతురు ఎక్కడెక్కడ కనిపిస్తుందో అక్కడల్లా గాలి వస్తుంది. మామూలు స్టీలు బీరువా అయితే తలుపు చుట్టూ వెలుతురే వెలుతురు. కాగితం పెట్టి తలుపు వేసి లాగి చూసినా తెలుస్తుంది, తేలిగ్గా వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే.

తలుపు అంచున రబ్బరు బీడింగు అతికించండి. కార్ల తలుపులకి వేసే మెత్తని బోలు రబ్బరు అయితే బాగా కూర్చుంటుంది. స్పాంజి టేపు త్వరగా అణిగిపోతుంది, పైగా తేమ తాగుతుంది. బోల్టులు వేయని కన్నాలుంటే సిలికాన్ సీలెంటుతో పూడ్చండి. ఇక్కడొక సంగతి షాపుల్లో చెప్పరు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ నుంచి అసిటిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, మూసిన పెట్టెలో అదే తుప్పుకి కారణమవుతుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి. కొత్త ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ అరలు కూడా ఇలాంటి ఆవిరినే వదులుతాయి. వాటిని లోపల వేయించకండి.

నిప్పుకి తట్టుకునే రకం పెట్టె కొన్నవాళ్లకి ఇంకో చిక్కుంది. దాని గోడల్లో జిప్సం పలకలో, సిమెంటు మిశ్రమమో ఉంటుంది. జిప్సంలో బరువులో ఐదో వంతు నీరే, మంటలో అది ఆవిరై కాపాడటానికే ఆ ఏర్పాటు. సిమెంటు పోసిన కొత్త పెట్టె అయితే నెలల తరబడి చెమ్మ వదులుతుంది. తుపాకి పెట్టకముందు కొన్ని వారాల పాటు ఖాళీ పెట్టెని తెరిచి ఫ్యాన్ కింద ఉంచి, మీటరు చూశాకే వాడండి.

పెద్ద పెట్టె కొనాలన్న ఆశ వద్దు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు రెండు తుపాకులకి మించి ఉంచుకోకూడదు కాబట్టి చిన్న పెట్టె చాలు. దాన్ని అదుపు చేయడమూ తేలిక.

తుపాకిని పెట్టెకి సిద్ధం చేయడం

ఉప్పు గురించి ముందే అనుకున్నాం కదా. మామూలు ఉప్పు 75 శాతం తేమలో నీరు పట్టి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కలిసి ఉంటుంది, అది 33 శాతం తేమ చాలు నీరు పట్టడానికి. అంటే ఇనుము మీద ఉప్పు పొర ఉంటే పెట్టెలో 45 శాతం తేమ ఉన్నా తుప్పు ఆగదు. నౌపడా ఉప్పు మడుల వైపూ, తీరాన్ని ఆనుకున్న ఊళ్లలోనూ ఉండేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది.

ఉప్పు నూనెలో కరగదు. ఉప్పు మీద నూనె రాస్తే ఉప్పు నూనె కిందే ఉండిపోతుంది. అందుకని బ్యారెల్ బయటి భాగాన్ని ముందు డిస్టిల్డ్ వాటర్‌తో, అంటే బ్యాటరీలో పోసే నీళ్లతో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరేలా తుడవండి. కాసేపు ఫ్యాన్ గాలికి ఉంచి అప్పుడు గన్ ఆయిల్ పల్చగా రాయండి. గొట్టం లోపలికి పుల్‌త్రూ (గుడ్డని గొట్టంలోంచి లాగే తాడు), చిందీ గుడ్డ సంగతి మిలటరీ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

కొబ్బరినూనె వద్దు. ఉద్దానంలో చేతికందేది అదేగానీ కొన్నాళ్లకి జిగురు కట్టి దుమ్ము పడుతుంది, చలికాలం గడ్డ కడుతుంది. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే చెమ్మని తరిమేయడానికి బాగుంటుంది గానీ నెలల తరబడి కాపాడదు, దాని తర్వాత అసలు నూనె రాయాల్సిందే. నూనె ఎక్కువైనా ఇబ్బందే, కిందికి కారి బట్ కర్రలోకి ఇంకుతుంది. రాసిన రెండు మూడు రోజులు మూతి కిందికి ఉండేలా నిలబెడితే కర్రకి నూనె దిగదు.

తోలు సంచిలో, క్యాన్వాస్ కవరులో, స్పాంజి వేసిన కేసులో పెట్టి దాన్ని పెట్టెలో పెట్టేవాళ్లున్నారు. ఆ కవరు తడిగుడ్డ చుట్టినట్టే పని చేస్తుంది. కవరు ప్రయాణానికి మాత్రమే. పెట్టెలో తుపాకి చుట్టూ గాలి ఆడాలి. ఎక్కువ కాలం ముట్టుకోనక్కర్లేకపోతే యంత్రాల విడిభాగాలు చుట్టే వీసీఐ కాగితం వాడొచ్చు, దాన్నుంచి వచ్చే ఆవిరి ఇనుముని కాపాడుతుంది.

జెల్లా, హీటరు రాడ్డా?

సందులు బాగా మూసుకుపోయిన పెట్టెకి సిలికా జెల్. ఎంత చేసినా గాలి దూరే పెట్టెకి రాడ్డు. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి ఎందుకు పనికిరాలేదో దీన్నిబట్టి తెలుస్తుంది. జెల్‌కి ఒక హద్దుంది, నిండగానే పని ఆపేస్తుంది. రాడ్డు నీటిని తీయదు, గాలిని వేడి చేసి తేమ శాతాన్ని తగ్గిస్తుందంతే. 26 డిగ్రీలు, 80 శాతం ఉన్న గాలిని 30 డిగ్రీలకి తెస్తే తేమ 63 శాతానికి దిగుతుంది. సందుల్లోంచి ఎంత గాలి వచ్చినా ఈ పని సాగుతూనే ఉంటుంది.

జెల్ అయితే ఆ 290 లీటర్ల పెట్టెకి అర కిలోతో మొదలుపెట్టండి. నారింజ రంగు గుళికలు తీసుకోండి, నిండాక ముదురు ఆకుపచ్చకి మారతాయి. నీలం రంగువి వద్దు, వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ఒంటికి మంచిది కాదు. పల్చని నూలు సంచిలో పోసి, పొడిగా ఉన్నప్పటి బరువుని సంచి మీద రాసుకోండి. రంగు కంటే బరువే నమ్మకం. 500 గ్రాములది 600 అయిందంటే ఇక తేమని 50 కింద ఉంచే శక్తి దానికి పెద్దగా మిగల్లేదు. మొదటి రోజుల్లో ఇది చాలా బేగి నిండుతుంది. కంగారు పడకండి, అది చెక్కలోంచి వచ్చే నీరు. రెండు సంచులు పెట్టుకుని మార్చుకుంటూ ఉంటే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అప్పటికీ సంచి వారానికోసారి నిండుతోందంటే మళ్లీ టార్చి పట్టుకుని సందులు వెతకాల్సిందే.

నిండిన జెల్‌ని ఎండలో పోస్తే మన తీరంలో సగమే ఆరుతుంది. ఓటీజీ ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు, మూడు గంటలు ఉంచండి. అంతకు మించితే రంగు పాడవుతుంది. వంట పళ్లెం వాడొద్దు, కిటికీ తెరిచి ఉంచండి, గాలి దూరని డబ్బాలో చల్లార్చి అప్పుడు సంచిలో పోయండి.

రాడ్డు 10, 15 వాట్లది చాలు. గోల్డెన్ రాడ్ లాంటి బ్రాండు రాడ్లు విదేశాల నుంచి తెప్పిస్తే 230 వోల్టులకి పనిచేసేదో కాదో చూడండి, అమెరికా రకాలు 110 వోల్టులవి. పెట్టె అడుగున అడ్డంగా బిగించాలి, వేడిగాలి పైకి లేస్తుంది. వైరు వెళ్లే కన్నానికి రబ్బరు గ్రోమెట్ (వైరు కోసుకుపోకుండా కన్నానికి వేసే వలయం) వేయించండి, ఎర్తు ఉన్న త్రీపిన్ ప్లగ్గే వాడండి. ఇనప్పెట్టెకి కరెంటు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొందరు పాత రకం ఫిలమెంటు జీరో బల్బు వేలాడదీస్తారు. అదీ 12, 15 వాట్ల వేడి ఇస్తుంది, నిజమే. కానీ గాజు పగిలినా, గుడ్డ తగిలినా ప్రమాదం. నేనైతే వద్దంటాను. ఎండాకాలంలోనైనా మీటరు 50 కింద ఉంటేనే రాడ్డు ఆపండి.

ఇక పెట్టకూడనివి. నీళ్లుగా మారే డ్యాంప్ అబ్జార్బర్ డబ్బాల్లో ఉండేది కాల్షియం క్లోరైడ్, ఒక్కసారి ఒలికిందంటే తుపాకి పని అయిపోయినట్టే. కల్లుప్పు గిన్నె పెట్టడం కూడా అలాంటిదే. బియ్యం పురుగుల్ని పిలుస్తుంది. కలరా ఉండలు పురుగుల కోసం, తేమకీ వాటికీ సంబంధం లేదు.

కాలాన్ని బట్టి

మే నెల మధ్యాహ్నం బయట 38 డిగ్రీలు, మీటరు 45 శాతం చూపిస్తుంది. పెట్టె తెరిచి గాలి ఆడిద్దాం అనిపిస్తుంది. కానీ ఆ గాలే 30 డిగ్రీల పెట్టెలోకి చేరి చల్లబడితే 70 శాతమవుతుంది. జనవరి పొద్దున 20 డిగ్రీలు, 80 శాతం చూసి భయపడతాం. ఆ గాలి 27 డిగ్రీల పెట్టెలో వేడెక్కాక 52 శాతమే. కాబట్టి పెట్టెకి గాలి పట్టించడానికి సంక్రాంతి రోజులు మంచివి, ఎండాకాలం సముద్రపు గాలి వీచే మధ్యాహ్నాలు కావు. అనుమానం వస్తే ఫోన్లో డ్యూ పాయింట్ చూడండి, 18 కింద ఉంటే ధైర్యంగా తెరవొచ్చు. రాజాం, బొబ్బిలి వైపు పడమటి గాలి వీచే రోజుల్లో తేమ మరీ పడిపోవచ్చు. మీటరు 40 చూపిస్తే ఒక జెల్ సంచి తీసేయండి.

జూన్ నుంచి డిసెంబరు దాకా వారానికోసారి మీటరు, నెలకోసారి తుపాకి చూడాలి. తెరిచినప్పుడు పని చూసుకుని వెంటనే మూసేయండి.

తుఫాను హెచ్చరిక రాగానే రెండు జెల్ సంచులూ ఆరబెట్టి సిద్ధంగా ఉంచండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు రాడ్డు ఒట్టి ఇనుపకడ్డీయే. అందుకే రాడ్డు ఉన్న పెట్టెలో కూడా అర కిలో జెల్ ఉండాలి. నీళ్లు ఇంట్లోకి వచ్చే ఊరైతే పెట్టె కింద దిమ్మెలు మరింత ఎత్తుగా ఉండాలి. నీరు తీశాక పెట్టెని మూసి ఉంచకుండా అదే రోజు తుపాకి తీసి, ఫెల్టు గుడ్డ పీకేసి ఆరబెట్టండి. ఆ గుడ్డ మళ్లీ పనికిరాదు.

ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌లో అప్పగించిన తుపాకి తిరిగి వచ్చాక నేరుగా పెట్టెలో పెట్టకండి. అది అక్కడ నెలల తరబడి మామూలు గదిలో ఉండి ఉంటుంది. చెక్క చెమ్మ తాగి ఉంటుంది, ఎందరో ముట్టుకుని ఉంటారు. ఖాళీగా ఉందో లేదో చూసి, డిస్టిల్డ్ వాటర్ గుడ్డతో తుడిచి, నూనె రాసి, ఆరబెట్టిన జెల్ సంచితో పాటు పెట్టెలో పెట్టండి. ఆ నెల సంచి బరువు వారానికి రెండుసార్లు తూయండి.